ఛార్జర్ తీసుకెళ్లాడా?

“ఛార్జర్ తీసుకెళ్లాడా బాబూ?”

రాత్రి పావు తక్కువ పన్నెండుకి స్టేషన్‌లో ఏఎస్సై గారు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. మా రూమ్మేట్ కనపడటం లేదని చెప్పడానికి వెళ్లాం. సాయంత్రం ఏడింటికి “ఇప్పుడే వస్తా” అని కిందికి దిగాడు. తొమ్మిది నుంచి ఫోన్ స్విచాఫ్. బయట వాన. మాకేమో గుండె దడదడలాడుతుంటే ఈయన ఛార్జర్ గురించి అడుగుతారేంటి అనుకున్నాను. పక్కనున్న ఫ్రెండ్ మొహం చూస్తే వాడికీ అదే అనిపించినట్టుంది.

“తెలీదు సార్” అన్నాం.

“రూమ్‌లో ఎవరైనా ఉన్నారా? ఫోన్ చేసి చూడమనండి. ఛార్జర్, పర్సు, బండి తాళాలు, బ్యాగు, సర్టిఫికెట్లు. ఏవి ఉన్నాయి, ఏవి లేవు.”

రూమ్‌లో ఉన్నవాడు చూసి చెప్పాడు. ఛార్జర్ గోడకే వేలాడుతోంది. పర్సు టేబుల్ మీద ఉంది. బండి తాళాలూ అక్కడే. ఏఎస్సై గారు పెన్ను కింద పెట్టారు. మా మొహాల్లోకి చూస్తూ అడిగారు. “ఎప్పుడైనా చచ్చిపోవాలనుందని గానీ, బతకాలని లేదని గానీ అన్నాడా?”

మావాడి నాన్నగారు ఊళ్లో ఉన్నారు. ఆయన్ని స్పీకర్‌లో పెట్టాం. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. “మా పిల్లగాడు అట్లాంటోడు కాదు సార్. ధైర్యం గలోడు. దోస్తులతోని యాడికో పోయుంటడు.”

ఏఎస్సై గారు నా వైపు తిరిగారు.

“లేదు సార్” అన్నాను.

అది అబద్ధం. రెండు వారాల కింద మేడ మీద కూర్చున్నప్పుడు వాడు “నేను లేకపోతే మా ఇంట్లో ఒక తలనొప్పి తగ్గుద్దిరా” అన్నాడు. ఉద్యోగం పోయి అప్పటికి మూడు నెలలు. లోన్ యాప్‌ల వాళ్లు రోజూ ఫోన్లు. నేను నవ్వేసి “ముందెళ్లి పడుకోరా” అన్నాను. ఆ మాట స్టేషన్‌లో నాకు గుర్తు రాకపోలేదు. బాగానే గుర్తొచ్చింది. వాళ్ల నాన్న వింటున్నారు. పోలీస్ కాగితం మీదికి ఎక్కితే రేపు వాడికి ఉద్యోగం ఎవరిస్తారు అనిపించింది. అన్నిటికంటే, నేను ఆ మాటని పైకి అంటే అది నిజమైపోతుందేమోనని భయం.

బయటికొచ్చి టీ బండి దగ్గర నిలబడి, నలభై నిమిషాల తర్వాత ఉండబట్టలేక మళ్లీ లోపలికెళ్లి చెప్పాను. ఆయన తిట్టలేదు. “ఈ ముక్క ముందే చెప్పాలి కదా బాబూ” అంటూనే లేచి ఫోన్ అందుకున్నారు. అంతవరకు “పొద్దున చూద్దాం” అన్నట్టున్న స్టేషన్ ఒక్క వాక్యంతో మారిపోయింది. ఫొటో పెట్రోలింగ్ వాళ్ల గ్రూపుల్లోకి వెళ్లింది. టవర్ లొకేషన్ కోసం పైవాళ్లకి ఫోన్ వెళ్లింది. ఇద్దరు కానిస్టేబుళ్లు మాతో పాటు రూమ్‌కి వచ్చారు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒక బస్టాండ్‌లో, బెంచీ మీద తడిబట్టలతో కూర్చున్నవాణ్ని ఒక కానిస్టేబుల్ తన ఫోన్‌లోని ఫొటోతో పోల్చి గుర్తుపట్టాడు.

మావాడు ఇప్పుడు బాగున్నాడు. ఈ కాలమ్ రాస్తానంటే “రాయి, పేరు మాత్రం వద్దు” అన్నాడు. కానీ ఆ నలభై నిమిషాలు నన్ను వదల్లేదు. పోలీసులు ఆ ప్రశ్నలు ఎందుకు అడుగుతారు, మన జవాబులతో ఏం చేస్తారు అని తర్వాత కూర్చుని చదివాను. మన ఇళ్లలో, హాస్టళ్లలో, పీజీల్లో ఉండే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన విషయమని అప్పుడర్థమైంది.

పీ1 ఆ, పీ3 ఆ?

ఐటీలో ఉన్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సపోర్ట్ టీమ్‌కి టికెట్ వస్తే ముందు అడిగేది “ఎలా ఫిక్స్ చేయాలి” అని కాదు, “దీని ప్రయారిటీ ఎంత” అని. పీ1 అయితే నిద్రపోతున్నవాళ్లని లేపుతారు. పీ3 అయితే సోమవారం చూస్తారు. టీమ్ చిన్నది, టికెట్లు ఎక్కువ. మిస్సింగ్ కేసు వచ్చినప్పుడు స్టేషన్‌లో జరిగేదీ అచ్చంగా ఇదే.

ఈ పనిని బ్రిటన్ పోలీసులు పద్ధతిగా రాసి పెట్టుకున్నారు. కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ అనే సంస్థ మార్గదర్శకాలు నెట్‌లో ఎవరైనా చదవొచ్చు. వాళ్ల నిర్వచనం సింపుల్. ఒక మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే, దొరికి క్షేమమో కాదో తేలేదాకా ఆ మనిషి మిస్సింగే. ఎన్ని గంటలైంది అన్న షరతు అందులో లేదు. ఆ తర్వాత కేసుని నాలుగు మెట్లలో ఒక దాంట్లో పెడతారు. ప్రమాదం బాగా తక్కువ దగ్గర్నుంచి ఎక్కువ దాకా.

తీవ్రమైన హాని జరిగే అవకాశం బాగా ఉందనిపిస్తే అది “హై రిస్క్”. అప్పుడు దాదాపు ప్రతిసారీ వెంటనే మనుషుల్ని దింపాలి. పై అధికారి కేసులోకి రావాలి. మీడియాకి ఏం చెప్పాలో ప్లాన్ ఉండాలి. జాతీయ స్థాయిలో ఉన్న మిస్సింగ్ పర్సన్స్ యూనిట్‌కి కబురు పెట్టాలి. అన్నిటికంటే కింది మెట్టు మీద అయితే, ఇంకా ఏం తెలిసిందో కనుక్కుంటూ, ఫలానా టైమ్‌కి మళ్లీ చూద్దామని రాసుకుంటారు. ఒకే మనిషి, ఒకే రాత్రి. ఏ మెట్టు మీద పెట్టారన్న దాన్ని బట్టి అంత తేడా.

మెట్టు నిర్ణయించేది ఏంటి? ఎక్కువ భాగం, ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లు చెప్పే జవాబులే. అంటే ఆ రాత్రి మావాడి ప్రయారిటీ పెట్టింది నేనే. తప్పుగా పెట్టాను.

“వచ్చేస్తాడులే” అని ఎందుకనిపిస్తుంది

పోలీసుల వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. కనపడకుండా పోయినవాళ్లలో ఎక్కువమంది తిరిగొస్తారు. బ్రిటన్‌లో చాలా కేసులు 24 గంటల్లోపే తేలిపోతాయి. మన దగ్గరా స్టేషన్‌లో పదేళ్లు చేసిన మనిషికి ఇంట్లో గొడవపడి చుట్టాలింటికి వెళ్లినవాళ్లు, ప్రేమ పెళ్లి చేసుకున్నవాళ్లు, మార్కులు తక్కువొచ్చి ఫ్రెండ్ రూమ్‌లో దాక్కున్నవాళ్లు బోలెడంత మంది గుర్తుంటారు. అందుకే అమ్మాయి కనపడటం లేదంటే “ఎవరితోనైనా ఫోన్ మాట్లాడేదా” అన్న ప్రశ్న, అబ్బాయి కనపడకపోతే “గోవా పోయుంటాడు” అన్న మాట ముందు నోట్లోకి వస్తాయి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అలా అనుకున్నవాళ్లకి ఏ ఇబ్బందీ రాదు. పదోసారి ఒక ప్రాణం.

ఆ పదో కేసుని మిగతా తొమ్మిదింట్లోంచి బయటికి తీయడానికే ఆ ప్రశ్నలు. అందులో ముఖ్యమైనవి ఇవి. ఒక్కోదాని వెనక ఒక్కో కారణం ఉంది.

మొదటిది, ఇది ఈ మనిషి స్వభావానికి సరిపోతుందా? నెలకోసారి చెప్పకుండా ట్రిప్‌కి వెళ్లేవాడు కనపడకపోవడం వేరు, పాలప్యాకెట్‌కి వెళ్లినా వాట్సాప్ పెట్టేవాడు కనపడకపోవడం వేరు. ఇక్కడ కొలవాల్సింది ఆ మనిషి రోజూ ఎలా ఉంటాడో దానితో. మామూలుగా అందరూ ఎలా ఉంటారన్నది పనికిరాదు. రోజూ తొమ్మిదింటికి వాళ్లమ్మతో మాట్లాడే మనిషి ఆ రోజు మాట్లాడకపోతే, అది చిన్న విషయమే అనిపించినా చెప్పాలి.

రెండోది, ఏం తీసుకెళ్లాడు, ఏం వదిలేశాడు? ఛార్జర్ ప్రశ్న ఇక్కడిదే. బట్టలు, ఛార్జర్, సర్టిఫికెట్లు సర్దుకుని, ఏటీఎంలో డబ్బు తీసుకుని వెళ్లినవాడు రేపటి గురించి ఆలోచించాడు. ఎక్కడో బతకడానికి వెళ్లుంటాడు. పర్సు, ఫోన్, రోజూ వేసుకునే మందులు వదిలేసి వెళ్లాడంటే ఆ రేపు అతని లెక్కలో ఉందో లేదో తెలీదు. ఇది రుజువు కాదు. కోపంలో వట్టి చేతులతో వెళ్లి గంటలో వచ్చేవాళ్లూ ఉంటారు. కానీ మెట్టు పైకి జరపడానికి చాలు.

మూడోది, ఈమధ్య ఏం మారింది? ఉద్యోగం, పరీక్ష ఫలితం, బ్రేకప్, అప్పు, ఇంట్లో చావు, హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్, ఆఫీసులోనో కాలేజీలోనో అవమానం. లోన్ యాప్ వాళ్లు కాంటాక్టులందరికీ మెసేజ్‌లు పెట్టడం కూడా ఈ లిస్టులోదే. “చిన్న గొడవేలెండి” అని మనం కొట్టిపారేసేది ఆ మనిషికి ఎంత పెద్దదో మనకి తెలీదు.

నాలుగోది, అసలు ప్రశ్న. చావు గురించి ఏమైనా అన్నాడా? ఎవరితో, ఎప్పుడు, ఏ మాటల్లో? నేరుగా “చచ్చిపోతా” అనేవాళ్లు కొందరే. “నేను భారం అయిపోయాను”, “ఇంక ఓపిక లేదు”, “నా బైక్ నువ్వే వాడుకో” లాంటి మాటలు ఎక్కువ. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఇన్‌స్టా అకౌంట్ డిలీట్ చేయడం, ఎప్పుడూ మాట్లాడని వాళ్లకి ఫోన్ చేసి సారీ చెప్పడం, వారాలపాటు దిగులుగా ఉండి హఠాత్తుగా ప్రశాంతంగా మారడం. వీటిలో ఏది చూసినా ఆ మాట యథాతథంగా, మీ వ్యాఖ్యానం కలపకుండా చెప్పాలి. “కొంచెం డల్‌గా ఉన్నాడు సార్” అంటే పోలీసుకి ఏమీ తెలీదు. “రెండు వారాల కింద ఇలా అన్నాడు” అంటే తెలుస్తుంది.

ఐదోది, ఇంతకు ముందు ఎప్పుడైనా ప్రయత్నించాడా? ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా దాచేది ఇదే. ప్రమాదాన్ని అంచనా వేయడంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేదీ ఇదే. గతంలో ఒకసారి ప్రయత్నించినవాళ్లకి ముప్పు ఎక్కువని ప్రపంచమంతా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. “అప్పుడేదో చిన్నతనం” అని దాటేయకండి.

మనం ఎందుకు దాస్తాం

వాళ్ల నాన్నగారు అబద్ధం చెప్పలేదు. ఆయనకి నిజంగా తెలీదు. తెలిసిన నేను చెప్పలేదు. ఇంట్లోవాళ్లకి ప్రేమ ఉంటుంది, సమాచారం ఉండదు. ఫ్రెండ్స్‌కి సమాచారం ఉంటుంది, చెప్పొచ్చో లేదో తెలీదు. అందుకే స్టేషన్‌కి వెళ్లేటప్పుడు ఇద్దరూ ఉండటం మంచిది. అవసరమైతే “సార్, ఒక్క నిమిషం పక్కకి రండి” అని విడిగా చెప్పండి. తల్లిదండ్రుల ముందు చెప్పలేకపోవడం తప్పేం కాదు, అసలు చెప్పకపోవడమే నేను చేసిన తప్పు.

పరువు సంగతి సరే, చాలామందికి ఉన్న ఇంకో భయం కేసు. ఆత్మహత్యాయత్నం నేరం కదా, దొరికాక వాడి మీదే కేసు పెడతారేమో అని. ఒకప్పుడు ఐపీసీ 309 అలాగే ఉండేది. 2017 నాటి మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ దాని కోరలు పీకింది. ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చట్టం అనుకోవాలి, శిక్షించకూడదు, వైద్యం, పునరావాసం చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది అని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. ప్రభుత్వోద్యోగిని డ్యూటీ చేయనీయకుండా ఒత్తిడి పెట్టడానికి ఆత్మహత్యకి ప్రయత్నిస్తే మాత్రమే నేరం అని 226వ సెక్షన్‌లో పెట్టారు. మీ ఫ్రెండ్ దిగులుతో అన్న మాట మీరు పోలీసులకి చెప్పినంత మాత్రాన వాడు నేరస్తుడు అయిపోడు.

ఆ మాటకొస్తే, మనదేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని ఎన్‌సీఆర్‌బీ లెక్క. అందులో 13,044 మంది విద్యార్థులు. ఇంతమంది ఇళ్లలో జరుగుతున్న దాన్ని “మా ఇంట్లో అలాంటివి ఉండవు” అనడంలో అర్థం లేదు.

స్కోరు జోస్యం కాదు

ఇదంతా చదివాక నాలో ఉన్న ఇంజనీర్‌కి ఒక ఐడియా వచ్చింది. ఈ ప్రశ్నలన్నిటికీ మార్కులు వేసి, ఒక చిన్న మోడల్ రాసి, మొత్తం ఇంత దాటితే హై రిస్క్ అని చెప్పేస్తే పోలా? నాలాంటి వాళ్లు చాలామందే అనుకునుంటారు.

అది పనిచేయదు. డాక్టర్లు ఆ దారిలో చాలా ఏళ్లు నడిచి వెనక్కి వచ్చారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లో స్పష్టంగా చెప్పింది, ఎవరు ముందుముందు ఆత్మహత్య చేసుకుంటారో ఊహించడానికి రిస్క్ స్కేళ్లు వాడొద్దని, మనుషుల్ని లో, మీడియం, హై అని డబ్బాల్లో వేయొద్దని. “లో రిస్క్” అన్న ముద్ర పడ్డవాళ్లకి సాయం ఆగిపోతుంది. కానీ ప్రాణాలు కోల్పోయినవాళ్లలో ఆ ముద్ర ఉన్నవాళ్లూ ఉన్నారు.

మరి పోలీసులు ఇంకా మెట్లు ఎందుకు వాడుతున్నారు? పని వేరు కాబట్టి. డాక్టర్ ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నాడు, అడగొచ్చు, వినొచ్చు, ఏం కావాలో చూడొచ్చు. పోలీసు ముందు ఉన్నది ఖాళీ కుర్చీ. ఆ మనిషి చనిపోతాడా లేదా అని ఆయన జోస్యం చెప్పక్కర్లేదు. ఈ రాత్రి ఎన్ని బళ్లు, ఎంతమంది కానిస్టేబుళ్లు, ఎంత త్వరగా అన్నది మాత్రం తేల్చాలి. అందుకే ఆ మెట్టు ఒకసారి పెట్టి మర్చిపోయేది కాదు. కొత్త విషయం తెలిసినప్పుడల్లా మళ్లీ చూడాలి. చలి, వాన, వేళకి వేసుకోవాల్సిన మందు, గడిచిన గంటలు, అన్నీ లెక్కను మారుస్తాయి. నలభై నిమిషాల తర్వాత నేను చెప్పింది కూడా పనికొచ్చిందంటే అందుకే. మీకు ఆలస్యంగా గుర్తొచ్చినా, అర్ధరాత్రి రెండింటికి గుర్తొచ్చినా ఫోన్ చేసి చెప్పండి.

మన దగ్గర ఏం చేయాలి

“24 గంటలు ఆగి రండి” అని చట్టంలో ఎక్కడా లేదు. ఎవరైనా అలా అంటే “ప్రాణానికి ప్రమాదం ఉందని మా అనుమానం, కారణాలు ఇవి” అని కాగితం మీద రాసివ్వండి. ఆ వాక్యానికి బరువుంది. స్టేషన్‌కి వెళ్లేలోపే 112కి గానీ 100కి గానీ కాల్ చేయొచ్చు. ఏ స్టేషన్ పరిధి అన్నది వాళ్లే చూసుకుంటారు.

తెలుగు రాష్ట్రాల్లో పెద్దవాళ్లు కనపడకపోతే “మ్యాన్ మిస్సింగ్”, “ఉమన్ మిస్సింగ్” అని కేసు కడతారు. 18 ఏళ్లలోపు వాళ్లయితే సంగతి ఇంకా సీరియస్. బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013లో, పిల్లలు తప్పిపోయారని వచ్చే ప్రతి ఫిర్యాదునీ ఎఫ్ఐఆర్‌గా నమోదు చేయాలని, మొదట కిడ్నాప్‌గానో అక్రమ రవాణాగానో అనుమానించి దర్యాప్తు చేయాలని చెప్పింది. ఇంటర్ చదివే తమ్ముడో చెల్లో హాస్టల్ నుంచి కనపడకపోతే ఇది గుర్తుంచుకోండి.

వెళ్లేటప్పుడు ఈమధ్య తీసిన ఫొటో ఉండాలి. ఫిల్టర్ లేనిది, ఇన్‌స్టా కోసం దిగనిది. ఆ రోజు వేసుకున్న బట్టలు, వాడే ఫోన్ నంబర్లన్నీ, బండి నంబర్, వేసుకునే మందుల పేర్లు, చివరగా మాట్లాడినవాళ్లు, మనసు బాగోనప్పుడు వెళ్లే చోట్లు. ఈ చివరిది ఫ్రెండ్స్‌కే తెలుస్తుంది. మావాడికి ఊరెళ్లే బస్సులు కదులుతుంటే చూస్తూ కూర్చోవడం ఇష్టమని ఇంకో రూమ్మేట్‌కి గుర్తొచ్చింది కాబట్టే ఆ బస్టాండ్‌లో వెతికారు.

రూమ్ సర్దేయకండి. ఏదైనా ఉత్తరం దొరికితే ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పకుండా అలాగే పోలీసులకి ఇవ్వండి. ల్యాప్‌టాప్ పాస్‌వర్డులు గెస్ చేస్తూ లాక్ చేసేయకండి. మ్యాప్స్‌లో వాడు మీతో లొకేషన్ షేర్ చేసి ఉంటే మాత్రం వెంటనే చూసి స్క్రీన్‌షాట్ తీయండి.

టవర్ లొకేషన్ మీద సినిమాలు మనకి చాలా ఆశలు పెంచాయి. స్క్రీన్ మీద ఎర్రచుక్క మెరుస్తూ కదలదు. ఫోన్ ఏ టవర్‌కి తగులుకుందో తెలుస్తుంది, అంతే. సిటీలో అది కొన్ని వీధులు కావొచ్చు, ఊళ్లవైపు కొన్ని కిలోమీటర్లు కావొచ్చు. స్విచాఫ్ అయితే చివరిసారి ఎక్కడ ఉందో మాత్రమే. ఆ వివరాలు కూడా కానిస్టేబుల్ అడిగితే కంపెనీ ఇవ్వదు, పై అధికారి నుంచి రిక్వెస్ట్ వెళ్లాలి. ఆ రిక్వెస్ట్ ఎంత తొందరగా కదులుతుందన్నది మళ్లీ మీ మొదటి జవాబుల మీదే.

ఇక స్టేటస్‌లు, ఫార్వర్డులు. పోస్ట్ పెట్టేముందు పోలీసులతో ఒకమాట అనుకోండి. “డిప్రెషన్‌లో ఉన్నాడు”, “అప్పుల బాధ” అని అందులో రాయకండి. దొరకడానికి ఆ మాటలు పనికిరావు, దొరికాక బతకడానికి అడ్డమొస్తాయి. ఎక్కడో కూర్చుని తన పోస్టర్ కింద కామెంట్లు చదువుకుంటున్న మనిషిని ఒకసారి ఊహించండి. మావాడు దొరికిన ఆరు నెలలకి కూడా వాడి ఫొటో ఏదో గ్రూప్‌లో తిరుగుతూనే ఉంది. దొరికిన నిమిషంలో డిలీట్ చేయండి, షేర్ చేసినవాళ్లకీ చెప్పండి.

తిరిగొచ్చాక

బ్రిటన్ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే. మనిషి దొరకగానే ఫైల్ మూసేయరు. పోలీసులు కూర్చుని మాట్లాడతారు, ఏం జరిగింది, ఎవరైనా హాని చేశారా, మళ్లీ వెళ్లకుండా ఏం కావాలి అని. పెద్దవాళ్లయితే, క్షేమంగా ఉన్నారని మాత్రం ఇంటికి చెప్పి, వద్దంటే ఎక్కడున్నారో చెప్పరు. ఒకసారి వెళ్లిపోవడమే తర్వాతి ముప్పుకి ఒక సూచన అని వాళ్ల లెక్క.

మన చట్టంలోనూ మంచి మాట ఒకటుంది. మానసిక అనారోగ్యంతో తనకి తాను ప్రమాదంలో ఉన్న మనిషి పోలీసులకి కనిపిస్తే రక్షణ ఇవ్వాలి, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ వైద్య కేంద్రానికి తీసుకెళ్లాలి, లాకప్‌లో మాత్రం పెట్టకూడదు. ఇది 2017 చట్టంలోని 100వ సెక్షన్.

ఇంట్లో మనం చేసేదేంటి? “ఎంత టెన్షన్ పెట్టావురా, నీకు బుద్ధుందా” అని మొదలుపెడతాం. ప్రేమతోనే అంటాం. వినేవాడికి మాత్రం “నువ్వు భారం” అన్నట్టే వినపడుతుంది. ఆ రోజు పొద్దున స్టేషన్‌కి వాళ్ల నాన్నగారు మొదటి బస్సుకి వచ్చేశారు. ఏమంటారోనని మేమంతా బిగుసుకుపోయాం. ఆయన వచ్చి పక్కన కూర్చుని, తన కండువా తీసి వాడి తల తుడిచి, “ఏమన్న తిన్నవా బిడ్డా?” అన్నారు. అంతే. వాడు ఆ తర్వాతే ఏడ్చాడు. ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాడు.

నేను మాత్రం వాణ్ని ఒకటి అడిగాను. “ఆ రోజు మేడ మీద నేను నవ్వకుండా, ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని నేరుగా అడిగుంటే?” చాలామంది అడగడానికి భయపడతారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. వాడు చెప్పింది ఇంకా సింపుల్‌గా ఉంది.

“అడిగుంటే చెప్పేవాణ్నిరా. ఎవరైనా అడిగితే బాగుండు అనే కదా ఆ మాట అన్నది.”

స్టేషన్‌లో ఏఎస్సై గారు అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, అది నేను రెండు వారాల ముందే మేడ మీద అడగాల్సిన ప్రశ్న.

మీకు గానీ, మీ పక్కనున్నవాళ్లకి గానీ అలాంటి ఆలోచనలు వస్తుంటే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణానికి ఇప్పుడే ప్రమాదం అనిపిస్తే 112. మనిషి కనపడకపోతే గడియారం చూడకండి. వెళ్లి, తెలిసింది తెలిసినట్టు చెప్పండి.